వెన్నుపూసలే స్కేలు

మనం పెంచుకునే ముసలి కుక్క రాత్రిళ్లు దగ్గుతోందనుకుందాం. దగ్గు ఊపిరితిత్తుల జబ్బు వల్ల రావచ్చు, గుండె పెద్దదవడం వల్లా రావచ్చు. రెండింటికీ వైద్యం వేరు. మరి లోపలున్న గుండె సైజు తెలిసేదెలా?

ఎక్స్‌రేలో గుండె నీడ కనిపిస్తుంది. కానీ సెంటీమీటర్లలో కొలిస్తే లాభం లేదు. పామరేనియన్ గుండె, జర్మన్ షెపర్డ్ గుండె ఒకే సైజులో ఉండవు. పైగా ఎక్స్‌రేలో నీడ అసలు కన్నా కాస్త పెద్దగా పడుతుంది.

1995లో బుకానన్, బ్యూచెలర్ అనే ఇద్దరు పశువైద్యులు దీనికొక సులువైన పద్ధతి ప్రచురించారు. ఆ కుక్క వెన్నుపూసలే దానికి స్కేలు!

కొలిచే విధానం:

1. కుక్కను పక్కకు పడుకోబెట్టి తీసిన ఛాతీ ఎక్స్‌రే తీసుకోవాలి.
2. శ్వాసనాళం రెండుగా చీలే చోటి కింది అంచు నుంచి గుండె కొన దాకా పొడవు కొలవాలి.
3. ఆ గీతకు లంబంగా, గుండె బాగా వెడల్పున్న చోట వెడల్పు కొలవాలి.
4. ఛాతీ వెన్నుపూసల్లో నాలుగోదాని ముందు అంచు నుంచి తోక వైపుగా, ఒక్కో కొలత ఎన్ని పూసల పొడవుందో పదో వంతు వరకు లెక్కించి, రెండూ కూడాలి.

ఉదాహరణకు పొడవు 5.2, వెడల్పు 4.5 అయితే మొత్తం 9.7. వారు పరిశీలించిన 100 ఆరోగ్యమైన కుక్కల సగటు కూడా ఇదే. మామూలుగా 8.5 నుంచి 10.5 వరకు ఉంటుంది. 6.3, 5.5 కలిపి 11.8 వస్తే గుండె పెరిగిందేమోనని అనుమానించాలి.

ఇది నిష్పత్తి. కుక్క పక్కకు పడుకున్నప్పుడు గుండె, వెన్నెముక దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి కాబట్టి నీడలు రెండూ ఇంచుమించు ఒకే రెట్టింపున పెరుగుతాయి. అందుకే అమ్మకో నాన్నకో బదిలీ అయి ఊరు మారినా, పాత ఎక్స్‌రే దాచుకుంటే కొత్త డాక్టరు తన యంత్రంలో తీసినదానితో పోల్చి చూడగలరు.

అయితే జాతిని బట్టి అంకె మారుతుంది. బాక్సర్, లాబ్రడార్ కుక్కల్లో గుండె బాగున్నా 10.5 దాటవచ్చు. పగ్, బుల్‌డాగ్‌లలో పూసలే వంకరగా ఉంటే స్కేలే తప్పుతుంది. కాబట్టి డాక్టరు స్టెతస్కోపుతో విని, అవసరమైతే స్కానింగ్ చేసి నిర్ధారిస్తారు.

చేసి చూద్దాం: ఒక పొడవు పెన్సిలు, ఒక పొట్టి పెన్సిలు గోడకు సమాన దూరంలో పక్కపక్కనే నిలబెట్టి టార్చి వేద్దాం. టార్చిని దగ్గరకు జరుపుతూ రెండు నీడలూ కొలుద్దాం. ప్రతిసారీ పెద్దదాన్ని చిన్నదానితో భాగిస్తే ఏమొస్తోంది?