సంచార కీబోర్డు వాద్యకారుని సామగ్రి

వేణువు వాయించేవాడు తన వాద్యాన్ని చేతిసంచిలో పెట్టుకొని రైలెక్కగలడు. వయొలిన్ విద్వాంసుడు తన పెట్టెను ఒడిలో ఉంచుకొని బస్సులో ప్రయాణం చేయగలడు. పియానో వాయించేవానికి ఈ సౌకర్యం లేదు. కచేరీ మందిరాలలో ఉండే పెద్ద పియానో సుమారు 480 కిలోల బరువు ఉంటుంది. అందువలన పాశ్చాత్య దేశాల పియానో విద్వాంసుడు ఊరూరా తిరుగుతూ, ఏ మందిరంలో ఏ వాద్యం ఉంటే దానిమీదనే వాయించవలసి వచ్చేది. కెనడా దేశపు గ్లెన్ గూల్డ్ తన తండ్రి చేసి ఇచ్చిన పొట్టి మడతకుర్చీని మాత్రం ఎక్కడికి వెళ్ళినా వెంట తీసుకుపోయేవాడు. పియానో తనది కాకపోయినా, కూర్చునే ఎత్తు అయినా తనది కావాలని ఆయన పట్టుదల. వ్లదిమీర్ హోరోవిట్జ్ వంటి మహావిద్వాంసుడు 1986లో మాస్కోకు తన సొంత పియానోనే రప్పించుకోగలిగాడు. అటువంటి వైభవం ఎందరికి దక్కుతుంది?

మన దేశంలో ఈ చిక్కును హార్మోనియం చాలవరకు విడదీసింది. ఐరోపానుండి వచ్చిన హార్మోనియం కాళ్ళతో తొక్కేది, కుర్చీమీద కూర్చొని వాయించేది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875 ప్రాంతంలో దానికి చేతితో ఆడించే తిత్తిని అమర్చి, నేలమీద కూర్చున్నవానికి అందే చిన్న పెట్టెగా మార్చాడు. ఆ పెట్టెను నెత్తిన పెట్టుకొనే మన పద్యనాటక సమాజాలు ఊళ్ళు తిరిగాయి. దానిని ముందు పెట్టుకొనే ఖవ్వాలీ బృందాలు ఉర్సు ఉత్సవాలలో తెల్లవార్లూ పాడాయి. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని బహిష్కరించి, 1971 వరకు పట్టు సడలించలేదు. అయినా అది ఊళ్ళలో నిలిచే ఉన్నది. మోయడానికి వీలయిన వాద్యానికి ఉండే బలం అది.

ఇప్పుడు మన విద్యార్థులు సినిమా పాటలలోను, పెండ్లి ఆర్కెస్ట్రాలలోను నిత్యం వింటున్న కీబోర్డు పలుకులు మాత్రం హార్మోనియంనుండి వచ్చినవి కావు. అవి 1960, 1970 దశకాలలో ఇంగ్లండు, అమెరికా దేశాలలో లారీలకెత్తి తిప్పిన భారీ విద్యుత్ వాద్యాలనుండి వచ్చాయి. ఇంగ్లండుకు చెందిన కీత్ ఎమర్సన్ అనే వాద్యకారుని రంగస్థల సామగ్రిని ఉదాహరణగా తీసుకొంటే, ఈ విషయం సులభంగా బోధపడుతుంది. 1970 ఆగస్టులో ప్లిమత్ నగరంలోను, వెంటనే ఐల్ ఆఫ్ వైట్ ఉత్సవంలోను తొలి కచేరీలు చేసిన 'ఎమర్సన్, లేక్ అండ్ పామర్' అనే ముగ్గురి బృందంలో కీబోర్డులు ఆయనవి.

ఆ సామగ్రిలో మొదట చెప్పవలసినది హామండ్ ఆర్గన్. దానిని కనిపెట్టిన లారెన్స్ హామండ్ విద్యుత్ గడియారాలు చేసిన ఇంజనీరు. 1935లో చర్చీల కోసం, గొట్టాల ఆర్గన్ కొనలేనివారి కోసం, ఆయన దీనిని విపణిలోకి తెచ్చాడు. దాని పెద్ద నమూనాలలో 91 ఉక్కు చక్రాలు ఒకే మోటారుతో తిరుగుతుంటాయి. ఒక్కొక్క చక్రం అంచున ఉన్న మిట్టపల్లాలు ఒక అయస్కాంతం ఎదుటినుండి పోతుంటే, ప్రక్కనున్న తీగచుట్టలో విద్యుత్తు కంపిస్తుంది. అదే స్వరం. చక్రాలన్నీ పండ్లచక్రాలతో ముడిపడి ఉండడం వలన ఏ స్వరమూ మరొక స్వరంతో శ్రుతి తప్పదు. ఇది దాని గొప్ప గుణం.

ఆ గుణమే ప్రయాణంలో సంకటమయింది. దాని మోటారు గడియారపు మోటారు వంటిది; విద్యుత్తులోని ఫ్రీక్వెన్సీని బట్టి దాని వేగం ఉంటుంది. అమెరికాలో విద్యుత్తు సెకనుకు 60 ఆవృత్తులు. ఇంగ్లండులో, మన దేశంలో 50. అమెరికా కోసం చేసిన ఆర్గన్‌ను ఇక్కడి విద్యుత్తుకు తగిలిస్తే చక్రాల వేగం ఆరవ వంతు తగ్గి, శ్రుతి మొత్తం క్రిందికి జారిపోతుంది. హార్మోనియంమీద తెల్లవి నల్లవి కలిపి లెక్కిస్తే మూడు మెట్లకు కొంచెం ఎక్కువ. ట్రాన్స్‌ఫార్మరు పెట్టుకుంటే సరిపోదా అని భౌతికశాస్త్ర విద్యార్థి అడుగవచ్చు. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని మార్చగలదు గాని ఫ్రీక్వెన్సీని మార్చలేదు. దానికి వేరే యంత్రం కావాలి, లేదా ఆ దేశానికి తగిన మరొక ఆర్గన్ కావాలి. ఇక ఆరుబయట సభలలో జనరేటరు వేగం హెచ్చుతగ్గులయితే ఆర్గన్ శ్రుతి కూడ దానితో ఊగుతుంది. మిగిలిన వాద్యకారులు దానివెంట పరుగెత్తవలసిందే.

బరువు సంగతి చెప్పనే లేదు. బల్ల, కాలిమెట్లు కలుపుకొని బి-3 నమూనా 190 కిలోల పైమాటే. దాని పలుకు బయటికి రావడానికి డోనాల్డ్ లెస్లీ అనే కాలిఫోర్నియా వాసి 1940 ప్రాంతంలో చేసిన స్పీకరు పెట్టె వేరే ఉండాలి. అదొక అరవై కిలోలకు మించుతుంది. అందులో పై స్వరాలకు ఒక బాకా, క్రింది స్వరాలకు ఒక డోలు వంటి పెట్టె గుండ్రంగా తిరుగుతుంటాయి. రైలుకూత మన వైపు వస్తున్నప్పుడు ఒక విధంగా, దూరమయ్యేటప్పుడు మరొక విధంగా వినిపించడానికి కారణమయిన డాప్లర్ సూత్రమే ఇక్కడ పనిచేసి, ధ్వనికి అలల వంటి కదలికనిస్తుంది. హామండ్‌కు ఈ స్పీకరు గిట్టలేదు. వాద్యకారులు మాత్రం దానిని వదలలేదు. కొందరి సహాయకులయితే మోతకు తాళలేక ఆర్గన్‌నే రంపంతో రెండుగా కోసి, ఊరు చేరిన తరువాత మళ్ళీ కలిపేవారు.

ఎమర్సన్ తన చిన్న హామండ్‌ను రంగస్థలంమీద పడదోయడం, దాని మెట్ల మధ్య కత్తులు గుచ్చడం జనం ఎగబడి చూసిన విన్యాసాలు. పడదోయడం నా దృష్టిలో వట్టి గారడీ. కత్తి సంగతి వేరు. రెండు మెట్ల నడుమ కత్తి దిగితే ఆ స్వరం నొక్కినట్టే ఉండి నిరంతరం పలుకుతుంది, చేతులు రెండూ మరొక వాద్యానికి ఖాళీ అవుతాయి. మన హార్మోనియంలో మీట లాగి శ్రుతిని నిలబెట్టడం ఇటువంటి ఏర్పాటే. రక్తపాతం లేదు గాని ప్రయోజనం ఒకటే.

ఆయన చుట్టూ కోటగోడ వలె నిలిచిన వాద్యాలను చూసి చాలామంది ఆడంబరమనుకొన్నారు. అందులో ఆడంబరం లేకపోలేదు. కాని ఆనాటి వాద్యాలలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క పలుకే తెలుసు. ఆర్గన్ కావాలంటే ఆర్గన్, పియానో కావాలంటే పియానో మోయక తప్పదు. అమెరికాలో రాబర్ట్ మోగ్ 1964లో రూపొందించిన సింథసైజరు కొత్త ధ్వనులను సృష్టించగలిగేది, కాని ఒకసారికి ఒకే స్వరం. దాని ముఖంమీద అల్లుకొన్న తీగలను పీకి మరొకచోట గుచ్చితేగాని ధ్వని మారదు. ఒక వోల్టు పెరిగితే ఒక స్థాయి పైకి పోవాలని దాని లెక్క. దీపాల వేడికి, ఎండకు ఆ లెక్క తప్పి స్వరం జారిపోయేది. స్టూడియో గదిలో ఇది ఓర్చుకోదగిన ఇబ్బంది. వేలమంది ఎదుట అది పరువుకు సంబంధించిన విషయం. అటువంటి యంత్రాన్ని ఊరూరా మోసుకుపోయిన మొదటివారిలో ఎమర్సన్ ఒకడు.

ఇంగ్లండులో 1963లో వచ్చిన మెలోట్రాన్ కథ మరింత విచిత్రం. ప్రతి మెట్టు క్రింద ఒక అయస్కాంతపు టేపు ముక్క ఉంటుంది. దానిమీద వయొలిన్‌ల బృందమో, వేణువో ముందుగా రికార్డు చేసి ఉంటుంది. మెట్టు నొక్కితే టేపు కదిలి ఆ స్వరం వినిపిస్తుంది. సుమారు 8 సెకన్లకు టేపు అయిపోతుంది. ఆ తరువాత ఎంత నొక్కినా నిశ్శబ్దమే. వేలు ఎత్తితే టేపు వెనక్కు వెళుతుంది. కనుక ఆ వాద్యంమీద కట్టిన పాటలలో స్వరాలు 8 సెకన్లలోగా మారుతుండాలి. 'మూడీ బ్లూస్' బృందపు మైక్ పిండర్ ఆ కర్మాగారంలో పనిచేసి వచ్చినవాడు. అమెరికాలో ఒక కచేరీలో దాని వెనుక తలుపు ఊడి టేపులన్నీ బయటపడ్డాయని, వాటిని మళ్ళీ సర్దుకోవలసి వచ్చిందని ఆయన చెప్పుకొన్నాడు. ఆ పని చేతనయినవాడు కనుక కచేరీ సాగింది. సంచార వాద్యకారుడు సగం మరమ్మతుదారుడు కూడ కావాలి. ఫ్యూజులు, అదనపు వైర్లు, స్క్రూడ్రైవరు అతని సంచిలో లేకపోతే అతని విద్య అక్కరకు రాదు.

ఈ సామగ్రికి అయ్యే ఖర్చు మరొక బరువు. 1977లో ఎమర్సన్ బృందం పూర్తి ఆర్కెస్ట్రాను వెంటబెట్టుకొని అమెరికా యాత్రకు బయలుదేరి, నష్టం భరించలేక కొద్ది కచేరీలకే ఆర్కెస్ట్రాను పంపివేసింది. ఆ యాత్రలో ఆయన వాయించిన యమహా జీఎక్స్-1 ఒక్కటే 300 కిలోలు. ఇదే కాలంలో మద్రాసులో ఈ ఖరీదయిన వాద్యాలు మరొక విధంగా ఒక ఇంటిని నిలబెట్టాయి. మలయాళ చిత్రాల సంగీత దర్శకుడు ఆర్.కె. శేఖర్ 1976లో మరణించగా, ఆయన భార్య భర్త వదలిపోయిన వాద్యాలను అద్దెకిచ్చి పిల్లలను పోషించింది. ఆ పిల్లలలో ఒకడు దిలీప్. చిన్ననాటనే కీబోర్డు వాయిస్తూ ఇళయరాజా వద్ద, మన తెలుగు సంగీత దర్శకులు రాజ్-కోటిల వద్ద పనిచేశాడు. తరువాత లోకం ఆయనను ఏ.ఆర్. రెహమాన్ అని తెలుసుకొన్నది. ఒక సింథసైజరు అద్దెకు పోయే సరుకు కావడానికి కారణం స్పష్టమే. అది అవసరమయినవారు ఎందరో, కొనగలిగినవారు కొందరే.

1983వ సంవత్సరం ఈ చరిత్రలో పెద్ద మలుపు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ 1967లో కనుగొన్న సూత్రం ఆధారంగా యమహా వారు డీఎక్స్-7ను విడుదల చేశారు. 61 మెట్లు, ఒకేసారి 16 స్వరాలు, జ్ఞాపకంలో 32 ధ్వనులు, బరువు 14 కిలోలకు కొంచెం ఎక్కువ. ఆ సంవత్సరమే వేర్వేరు కంపెనీల వాద్యాలు ఒక తీగ ద్వారా ఒకదానితో ఒకటి మాట్లాడుకొనే 'మిడి' పద్ధతి అమలులోకి వచ్చింది. ఒక మెట్టు నొక్కితే ప్రక్క వాద్యం కూడ పలుకుతుంది. వాద్యకారుని వెన్నెముక బ్రతికింది. కాని డీఎక్స్-7లో కొత్త ధ్వనిని కల్పించడం కష్టం కావడంతో అనేకులు కర్మాగారం ఇచ్చిన ధ్వనులనే వాడుకొన్నారు. అందుచేత 1980 దశకంలో ఖండఖండాంతరాల పాటలలో ఒకే గంటపలుకు పియానో వినిపించింది. బరువు దిగడంతోపాటు కొంత వ్యక్తిత్వం కూడ దిగిపోయిందని నా అభిప్రాయం.

హామండ్ కంపెనీ చక్రాల ఆర్గన్‌లను చేయడం 1975 నాటికి మానివేసింది. నేటి వాద్యకారుడు ఒక చంకన పట్టుకుపోయే కీబోర్డులో ఆ పలుకును పొందుతున్నాడు. హామండ్ మెట్టు నొక్కినప్పుడు వినిపించే 'టక్' అనే చిన్న చప్పుడును ఆనాటి ఇంజనీర్లు లోపమని భావించి తగ్గించాలని ప్రయత్నించారు. నేటి కీబోర్డులలో ఆ చప్పుడును పెంచుకోవడానికి ప్రత్యేకమయిన ఏర్పాటు ఉన్నది. లెస్లీ స్పీకరు వేగాన్ని మార్చే మీట కూడ ఉన్నది. దానిని నొక్కితే ధ్వని వెంటనే వేగం అందుకోదు. బరువయిన డోలు ఒకటి లోపల మెల్లగా కదలి ఊపు తెచ్చుకొంటున్నట్లు కొన్ని క్షణాలు పడుతుంది. లోపల డోలూ లేదు, మోటారూ లేదు.