జీవామృతం వీడియో తీశాం సరే, డేటా ఎటు పోయింది?

హైటెక్ సిటీ అపార్ట్‌మెంట్లకి కూరగాయలు వేస్తూ, జీవామృతం వీడియోలు ఫోన్‌లోనే తీస్తుంటాను. ఓ నెల పోస్ట్‌పెయిడ్ బిల్లు చూసి గుండె గుభేలుమంది.

వెతికితే తెలిసింది: ఫుల్ హెచ్‌డీ వీడియో నిమిషానికి సుమారు 100 ఎంబీ. 10 నిమిషాలంటే దాదాపు 1 జీబీ. అదే వీడియో యూట్యూబ్‌కి ఒకసారి, ఫోటోల బ్యాకప్‌కి ఇంకోసారి ఎక్కింది!

ఇలా చేయండి:

1. సెట్టింగ్స్‌లో డేటా యూసేజ్ తెరిచి, ఏ యాప్ ఎంత తాగిందో చూడండి. లెక్క మొదలయ్యే తేదీ మీ బిల్లు తేదీకి మార్చి, లిమిట్ పెట్టండి.
2. అప్‌లోడ్, బ్యాకప్ రెండూ వైఫైలోనే అయ్యేలా పెట్టండి.
3. అడగని సర్వీసుకి డబ్బు కోస్తే 155223కి ఫోన్ చేసి ఆపించండి.
4. డేటానే వద్దంటే ఇంగ్లిష్‌లో స్టాప్ అని 1925కి మెసేజ్ పెట్టండి.

బోరు మోటారు కట్టకుండా పడుకోం కదా, డేటా కూడా అంతే. సెట్టింగ్స్ అన్నీ పై వీడియోలో చూపించాను.