కొత్త మాధ్యమాలు: సెక్షన్ 66ఎ మరువొద్దు

కొత్త మాధ్యమం: డిజిటల్, ఇరువైపులా నడిచేది; పాఠకుడే ప్రచురణకర్త. 'గ్లోబల్ విలేజ్' భావనకు ప్రాచుర్యం: మార్షల్ మెక్‌లూహన్ (కెనడా).

దేశంలో తొలి మొబైల్ కాల్: 1995 జులై 31, కోల్‌కతా నుంచి అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలోని అప్పటి కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో. ప్రజలకు ఇంటర్నెట్: అదే ఏడాది ఆగస్టు 15, వీఎస్ఎన్ఎల్. పరీక్షలో ఈ రెండు తేదీలను తారుమారు చేసి అడిగే వీలుంది. తెలుగు వికీపీడియా: 2003 డిసెంబరు 10.

సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం అమలు: 2000 అక్టోబరు 17.

సెక్షన్ 66ఎ (అతి ముఖ్యం): ఐటీ చట్టంలో 2008 సవరణతో చేరింది. 'తీవ్ర అభ్యంతరకర' సందేశానికి 3 ఏళ్ల వరకు జైలు. 2012లో ముంబై బంద్‌ను ప్రశ్నిస్తూ ఫేస్‌బుక్‌లో రాసిన యువతితో పాటు, ఆ పోస్టును లైక్ చేసిన స్నేహితురాలినీ పాల్ఘర్‌లో అరెస్టు చేశారు. ఒక్క లైక్‌కు అరెస్టు! ఆ సెక్షన్ ఎంత ప్రమాదకరమో చెప్పడానికి ఇది చాలు. శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను కొట్టేసింది. కారణాలు: పదాల అస్పష్టత, ఆర్టికల్ 19(1)(ఎ) (భావస్వేచ్ఛ) ఉల్లంఘన, 19(2) పరిమితుల్లో ఇమడకపోవడం. ధర్మాసనం: జస్టిస్ చలమేశ్వర్ (కృష్ణా జిల్లా), జస్టిస్ నారిమన్. అదే తీర్పు, ఆన్‌లైన్ సమాచారాన్ని అడ్డుకునే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చే సెక్షన్ 69ఎను సమర్థించింది. మార్కు పోయేది ఇక్కడే.

టిక్‌టాక్ సహా 59 యాప్‌ల నిషేధం: 2020 జూన్ 29, 69ఎ కిందే.

పుట్టస్వామి కేసు: 2017 ఆగస్టు 24, 9 మంది న్యాయమూర్తులు, గోప్యత ప్రాథమిక హక్కు, ఆర్టికల్ 21.

అనురాధా భసిన్ కేసు: 2020 జనవరి 10, నిరవధిక ఇంటర్నెట్ నిలిపివేత చెల్లదు.

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం: 2023.

మెయిన్స్‌లో భావస్వేచ్ఛపై ప్రశ్న వస్తే పాల్ఘర్ ఉదాహరణతోనే జవాబు మొదలుపెట్టండి.