డబ్బా మీద రాత

మిరప చేలో మందు కొడుతున్నారు. రైతు కొడుకు వీపున పంపు మోస్తున్నాడు. కూలికి వచ్చిన ఆడవాళ్ళు కాలవ నుంచి బిందెలతో నీళ్ళు తెస్తున్నారు. ఒకామె డ్రమ్ములో నీళ్ళు పోసి, మందు వంచి, చేత్తో కలుపుతోంది. చేతికి తొడుగు లేదు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

మధ్యాహ్నానికి ఆమెకు తల తిరిగింది. కళ్ళు మసకబారాయి. ఒళ్ళంతా చెమట పట్టింది. వాంతి అయింది.

“ఎండ దెబ్బ. చెట్టు కింద కూచోబెట్టండి” అన్నారు ఒకరు.

“పొద్దున ఏమీ తినకుండా వచ్చి ఉంటుంది” అన్నారు మరొకరు.

వాళ్ళలో ఒక కోడలు ఉంది. ఏడాది కిందటే రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. గట్టు మీద ఉన్న మందు డబ్బాను గుడ్డతో పట్టుకుని తీసింది. దాని మీద రాత చాలా సన్నగా ఉంది. కూడబలుక్కుని చదివింది.

“వి... షం. అత్తా, దీని మీద విషం అని రాసి ఉంది. పుర్రె బొమ్మ కూడా వేశారు.”

“పురుగులకు కదే విషం!” అంది అత్త.

“పురుగులకే అని రాయలేదత్తా. ఒంటికి తగలనీయొద్దు అని ఉంది. పీల్చొద్దు అని ఉంది. జబ్బు చేస్తే వెంటనే డాక్టరు దగ్గరికి పొమ్మని ఉంది.”

ఇక ఎవరూ ఆలస్యం చేయలేదు. ఆమెకు తడిసిన చీర మార్పించారు. ఒళ్ళు సబ్బుతో బాగా కడిగారు. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు. కోడలు డబ్బాతో పాటు వచ్చిన కాగితాన్ని వెంట తీసుకుపోయింది. డాక్టరమ్మ ఆ కాగితం చూసింది. ఏ మందో తెలిసింది. దానికి తగిన విరుగుడు ఇచ్చింది. మూడో రోజున ఆమె ఇంటికి వచ్చింది.

మందు ఒంట్లోకి ఎలా పోతుంది?

మందు తాగితేనే ప్రమాదం అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మందు మూడు దారుల్లో ఒంట్లోకి పోతుంది. నోటి నుంచి పోతుంది. ఊపిరితో పోతుంది. చర్మం నుంచి కూడా పోతుంది. చేలో పనిచేసేవాళ్ళకు ఎక్కువగా చర్మం నుంచే పోతుంది.

కొంగు మందును ఆపదు. తడిసిన కొంగు మందును ముఖానికి అంటించి ఉంచుతుంది. మందు చేతులతో అన్నం తిన్నా, తమలపాకులు వేసుకున్నా, బిడ్డకు పాలిచ్చినా ప్రమాదమే. గర్భిణులు, బాలింతలు, పిల్లలు మందు పనికి పోకూడదు.

డబ్బా మీద గుర్తు

ప్రతి పురుగు మందు డబ్బా మీద ఒక గుర్తు ఉంటుంది. చదరంగా ఉన్న పలకను ఒక మూల మీద నిలబెడితే ఎలా ఉంటుందో ఆ గుర్తు అలా ఉంటుంది. దాని కింది సగంలో రంగు ఉంటుంది.

ఎరుపు రంగు ఉంటే అది అన్నిటికన్నా ఘోరమైన విషం. పై సగంలో పుర్రె, ఎముకల బొమ్మ ఉంటుంది.
పసుపు రంగు ఉంటే చాలా విషం.
నీలం రంగు ఉంటే ఒక మాదిరి విషం.
ఆకుపచ్చ రంగు ఉంటే తక్కువ విషం.

రోడ్డు మీద ఆకుపచ్చ దీపం వెలిగితే పొమ్మని అర్థం. డబ్బా మీద ఆకుపచ్చకు ఆ అర్థం లేదు. అది కూడా విషమే. జాగ్రత్త తప్పదు.

విషం చేలోనే ఆగదు

కోడలు ఇంటికి వచ్చి చూసింది. వంటింట్లో ఒక మందు డబ్బా ఉంది. అత్త దాన్ని కడిగి కిరసనాయిలు పోసింది. పక్కింట్లో అలాంటి డబ్బాలోనే ఉప్పు ఉంది. ఎన్నిసార్లు కడిగినా ఆ డబ్బా ఇంటికి పనికిరాదు.

2013 జులై 16న బీహార్ రాష్ట్రంలో ఒక ఘోరం జరిగింది. సారణ్ జిల్లా గండామన్ ఊరి బడిలో పిల్లలు మధ్యాహ్న భోజనం చేశారు. 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగు మందు ఉందని పరీక్షలో తేలింది. నూనె తేడాగా ఉందని వంట చేసిన ఆమె ముందే చెప్పినట్టు అప్పట్లో పత్రికల్లో వచ్చింది.

అందుకే బడి వంట గురించి అడిగే హక్కు తల్లులకు ఉంది. నూనె ఎక్కడ పెడుతున్నారు? సరుకుల గదిలో ఇంకేం ఉన్నాయి? ఇవి చిన్న ప్రశ్నలు కావు.

అడిగితే కూలి పోతుందా?

రాత్రి బడి దగ్గర ఆడవాళ్ళు ఈ సంగతి మాట్లాడుకున్నారు.

“తొడుగులు కావాలని అడిగితే రైతు ఏమంటాడు? రేపటి నుంచి రావొద్దంటాడు. వేరే ముఠాను పిలుచుకుంటాడు” అంది ఒకామె.

అది నిజమే. ఆ భయం అందరికీ ఉంది. కోడలు కాసేపు ఆలోచించింది.

“అయితే ముందు వేరే ముఠాల వాళ్ళతో మాట్లాడదాం వదినా. అందరం ఒకే మాట అంటే ఎవరిని పిలుస్తాడు?” అంది.

వాళ్ళు మూడు వాడలకూ పోయారు. మూడు ముఠాల వాళ్ళతో మాట్లాడారు. తర్వాత అందరూ కలిసి రైతు ఇంటికి పోయారు. గొడవ పడలేదు. కాగితం చదివి వినిపించారు.

“నా కొడుకే కదమ్మా పంపు మోసేది” అన్నాడు రైతు.

“అందుకే అన్నా, ఆ అబ్బాయి కోసం కూడా చెబుతున్నాం” అంది అత్త.

రైతు అన్నిటికీ ఒప్పుకోలేదు. చేతి తొడుగులు, సబ్బు, కడుక్కోను వేరే నీళ్ళు ఇస్తానన్నాడు. మందు కర్రతో కలపాలన్నాడు. మందు కొట్టిన మర్నాడు కలుపుకు పిలవనన్నాడు. బూట్లు మాత్రం వచ్చే పంటకు చూద్దాం అన్నాడు. ఆడవాళ్ళు ఆ మాట గుర్తు పెట్టుకున్నారు.

ఇది రైతు దయ కాదు. పురుగు మందుల చట్టం 1968లో వచ్చింది. దాని నియమాలు 1971లో వచ్చాయి. మందుతో పనిచేసేవాళ్ళకు రక్షణ బట్టలు ఉండాలని ఆ నియమాలు చెప్పాయి. మందు కొట్టేవాళ్ళకు వైద్య పరీక్ష చేయించాలని చెప్పాయి. ఖాళీ డబ్బాలు మళ్ళీ వాడకుండా పగలగొట్టి, ఇళ్ళకు దూరంగా పాతిపెట్టాలని చెప్పాయి.

పునుకుల ఊరి దారి

మందు లేకుండా పంట పండదా? ఒకప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల ఊరివాళ్ళు పండించి చూపారు. అక్కడ పత్తి వేసేవాళ్ళు. మందులకు అప్పులు చేసేవాళ్ళు. మందు పడక ఆసుపత్రుల పాలయ్యేవాళ్ళు. 1999 తర్వాత ఒక స్వచ్ఛంద సంస్థ సాయంతో కొందరు రైతులు మందు మానడం మొదలుపెట్టారు. వేపగింజల కషాయం కొట్టారు. పచ్చిమిర్చి, వెల్లుల్లి కషాయం కొట్టారు. పురుగును లాగే ఆముదం, బంతి మొక్కలు చేలో వేశారు. ఖర్చు తగ్గింది. మిగతావాళ్ళూ వచ్చి కలిశారు. ఇందులో మహిళా సంఘాలు ముందు నిలిచాయి. వేపగింజలు పొడి చేసే యంత్రాన్ని ఆడవాళ్ళే నడిపారు. 2004 నాటికి మా ఊళ్ళో పురుగు మందు వాడం అని పంచాయతీ తీర్మానం చేసింది.

ఒక మనిషి అడిగితే అది మాట. ఊరు అడిగితే అది తీర్మానం.

గుర్తు పెట్టుకోండి

1. మందు పడితే తడిసిన బట్టలు వెంటనే తీసేయాలి. సబ్బుతో, ఎక్కువ నీళ్ళతో కడగాలి.
2. తల తిరిగినా, వాంతి అయినా 108కి ఫోన్ చేయాలి. మందు కాగితం వెంట తీసుకుపోవాలి.
3. స్పృహ లేని మనిషికి నోట్లో ఏమీ పోయకూడదు.
4. మందు డబ్బాలో నీళ్ళు, నూనె, ఉప్పు పెట్టకూడదు.
5. మందు కొట్టాక ఎన్ని రోజులకు కోత కోయాలో కాగితంలో ఉంటుంది. చదివి రైతుకు చెప్పాలి.

మాట్లాడుకుందాం

1. మీ ఊళ్ళో మందు ఎవరు కలుపుతారు? చేతికి ఏం తొడుక్కుంటారు?
2. ఖాళీ డబ్బాలు ఎక్కడ పడేస్తున్నారు? అక్కడికి చెరువు, బావి ఎంత దూరం?
3. ఆడవాళ్ళు ముందు వేరే ముఠాల దగ్గరికి ఎందుకు పోయారు?

రాయండి

విషం, చర్మం, తొడుగు, విరుగుడు, తీర్మానం. ఈ మాటలతో ఒక్కో వాక్యం రాయండి. తర్వాత మీ బడికి పోయి వంట గదిని చూసి రండి. చూసింది నాలుగు వరుసల్లో రాయండి.