మందు మందకు కాదు, కోడికి అందాలి: మొండికేసే నాటుకోడికి మందు పట్టించే పద్ధతి

పెరట్లో పది ఇరవై నాటుకోళ్లు పెంచేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒక్కటే: "తమ్మీ, నూకల్లో మందు కలిపి పెడితే ముట్టుకుంటలేవు. ఎట్ల?" కోడిని పట్టుకునే తీరు పై వీడియోలో చూపించాను. ఎందుకు అట్లనే పట్టుకోవాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. జబ్బుపడిన కోడి మొదట మానేసేది మేత. మందును మేతలో కలిపితే, బాగున్న కోళ్లు ఎగబడి తింటాయి. మూలకు ముడుచుకొని కునికే కోడికి ఒక్క గింజ కూడా అందదు. అంటే మందు అవసరం లేనివాటికి ఎక్కువ పడుతుంది, కావాల్సిన దానికి సున్నా. "మందు వేసినా కోడి చచ్చిపోయింది" అనే మాట వెనక చాలాసార్లు జరిగేది ఇదే.

కోడి ఎందుకు ముట్టదు?

చాలామంది చేదు పోవాలని బెల్లం కలుపుతారు. కోడికి తీపి రుచి తెలియదు. చేదు మాత్రం తెలుస్తుంది. కారం అసలు తెలియదు. మన ఏనుమాముల మార్కెట్‌కి వచ్చే తేజ మిర్చి తిన్నా దానికి ఘాటు అనిపించదు. కాబట్టి బెల్లంతో చేదు దాగదు.

అసలు కోడి మేతను నాలుకతో కంటే కంటితోనే ఎక్కువ ఎంచుకుంటుంది. రంగులు మనకంటే బాగా చూస్తుంది. రోజూ తినే నూకలు ఒక్కసారిగా పచ్చగానో నల్లగానో కనిపిస్తే అనుమానంతో దూరం జరుగుతుంది. అందుకే గిన్నె మార్చొద్దు, చోటు మార్చొద్దు, పెట్టే మనిషి కూడా మారకపోతే మంచిది.

నీళ్లలో ఎప్పుడు, నోట్లో ఎప్పుడు?

మేత మానిన కోడి కూడా కొంతకాలం నీళ్లు తాగుతుంది. పిల్లల రెట్టలో రక్తం కనిపించే కాక్సిడియోసిస్‌కు ఆంప్రోలియం లాంటి మందును నీళ్లలో ఇచ్చేది అందుకే. అయితే పెరటి కోళ్లతో రెండు చిక్కులున్నాయి.

వానాకాలంలో అవి గుంటల్లో, పొలం కాలువల్లో తాగేసి వస్తాయి, మన మందు నీళ్లు అట్లనే మిగిలిపోతాయి. ఆ రోజుల్లో కోళ్లను బయటకు వదలకుండా, ఆ నీళ్లు తప్ప వేరే నీళ్లు అందకుండా చూడాలి. ఎండాకాలంలో దీనికి తలకిందులు. మన వరంగల్ ఎండ 42, 43 డిగ్రీలు దాటితే కోడి మామూలుకంటే రెట్టింపు తాగుతుంది, మందు కూడా రెట్టింపు పడుతుంది. ఎండాకాలం మోతాదు డాక్టర్‌ను అడిగే కలపండి.

నీళ్లు కూడా సరిగ్గా తాగకుండా కునికే కోడికి మాత్రం ఒక్కటే దారి: చేత్తో పట్టించడం.

చేత్తో పట్టించే పద్ధతి

1. పగలు వెంటపడి పట్టొద్దు. జబ్బు కోడి బెదిరితే ఇంకా నీరసపడుతుంది. చీకటి పడి గూట్లో సర్దుకున్నాక తీయండి, కదలదు.

2. మెడ కింద మేతసంచిని తడిమి చూడండి. సాయంత్రం కూడా ఖాళీగా ఉంటే అది ఆ రోజు తినలేదని గుర్తు.

3. పాత తువ్వాలలో రెక్కలు కలిపి చుట్టి చంకలో పెట్టుకోండి. ఛాతీని గట్టిగా నొక్కొద్దు. కోడికి మనలాగా ఊపిరికి సాయపడే ఉదరవితానం లేదు, రొమ్ము ఎముక కదిలితేనే గాలి ఆడుతుంది. కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీయొద్దు.

4. ముక్కు తెరిస్తే నాలుక మొదట్లో చిన్న రంధ్రం తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపిస్తుంది. అది గాలి గొట్టం. మందు అందులో పోతే ఊపిరితిత్తుల్లోకే. మా ఊళ్లో ఒక అక్క వెల్లుల్లి, తులసి రసం గ్లాసుతో ఒక్కసారే పోసింది, కోడి చేతిలోనే గిలగిలా కొట్టుకొని పోయింది. మందు మంచిదే, పోసిన తీరే ప్రాణం తీసింది.

5. ద్రవ మందైతే సూది తీసేసిన సిరంజితో ముక్కు పక్క అంచున ఒక్కో చుక్క వదలండి. మింగాకే ఇంకో చుక్క.

6. మాత్ర అయితే మక్క గటకలో చిన్న ఉండ చేసి, ఆ రంధ్రం దాటి గొంతు వెనకకు పెట్టండి. ముక్కు మూసి, మెడ మీద కిందికి మెల్లగా నిమరండి.

7. మందు పడిన కోడి కాలికి రంగు దారం కట్టండి. ఇంట్లో ఇంకొకరు మళ్లీ వేయకుండా ఉంటారు. తర్వాత మిగతావాటికి దూరంగా, నీడలో గంప కింద ఉంచండి.

మోతాదు కోడి బరువును బట్టి ఉంటుంది, అందుకే తూకం వేసి డాక్టర్‌కు చెప్పండి. మన దగ్గర మామునూరులో పశువైద్య కళాశాల, కృషి విజ్ఞాన కేంద్రం రెండూ ఉన్నాయి, అడగడానికి మొహమాటపడొద్దు.

గుడ్ల సంగతి

ప్రకృతి వ్యవసాయం చేసే మనకు ఇది ముఖ్యం. ఇంగ్లిష్ మందు వాడిన రోజుల్లో, ఆపాక డాక్టర్ చెప్పినన్ని రోజులు ఆ కోడి గుడ్లు అమ్మొద్దు, ఇంట్లో పిల్లలకూ పెట్టొద్దు. మందను మొత్తం ముంచితే అన్ని గుడ్లూ పోతాయి. ఒక్క కోడికే పట్టిస్తే ఆ ఒక్కదాని గుడ్లే ఆగుతాయి.

మందు లేని జబ్బు

కొక్కెర తెగులు, అంటే రాణిఖేత్. వైరస్ జబ్బు కాబట్టి అది సోకాక ఏ కషాయమూ, ఏ మాత్రా నయం చేయదు. వాడకట్టు మొత్తం ఖాళీ అవుతుంది. టీకా ఒక్కటే రక్ష. మొదటి వారంలో లసోటా ఒక చుక్క కంట్లో గానీ ముక్కు రంధ్రంలో గానీ వేస్తారు. నాలుగో వారంలో మళ్లీ ఒకసారి. 8 వారాలకు రెక్క కింద ఆర్‌2బి సూది. కంట్లో వేసిన చుక్క లోపలికి ఇంకేదాకా పిల్లను వదలొద్దు.

టీకా సీసా వంద డోసులూ అంతకు పైనే వస్తుంది, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. పది కోళ్లున్న ఇల్లు ఒక్కటీ కొంటే మిగతాదంతా పారబోయడమే. అందుకే పది ఇళ్లు కలిసి ఒక రోజు పెట్టుకోండి. ఐస్ మీద తెచ్చి, తెల్లవారుజామునే వేయించండి. బాగున్న కోళ్లకే టీకా, కునికే వాటికి వద్దు.

ఈ రాత్రి గూడు మూసే ముందు ఒక్కో కోడి మేతసంచి తడిమి చూడండి. ఖాళీగా ఉన్న కోడి దొరికితే మందు సంగతి దానితోనే మొదలుపెట్టండి.