చెవి, మాట నిపుణులు ప్రభుత్వంతో ఎందుకు మాట్లాడాలి?

చెవి వినికిడిని పరీక్షించి మిషన్ అమర్చేవారు ఆడియాలజిస్టులు. మాట రాని పిల్లలకు, పక్షవాతంతో మాట పడిపోయిన పెద్దలకు శిక్షణ ఇచ్చేవారు స్పీచ్ థెరపిస్టులు. వీరి పని గదిలోనే అయిపోతుందని చాలామంది అనుకుంటారు. గది బయట చేయవలసిన పని కూడా ఒకటుంది.

2007లో మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ పథకం మొదలైంది. పుట్టుచెవుడు ఉన్న పిల్లలకు చేసే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్‌ను అందులో చేర్చారు. లక్షల రూపాయల ఆపరేషన్ అది. దానితోపాటు ఆరేళ్లలోపు పిల్లలకు ఆ తర్వాత ఇచ్చే శిక్షణను కూడా పథకంలో రాశారు. మా దృష్టిలో అదే పెద్ద సంగతి. ఇంప్లాంట్ పనిచేయడం మొదలైన రోజున బిడ్డకు చప్పుడు తెలుస్తుంది గాని, అది 'అమ్మ' అనే మాట అని తెలియదు. నెలల తరబడి, ఓపికగా నేర్పాలి. ఆపరేషన్ ఖర్చు లెక్కవేసే అధికారికి ఇది తట్టకపోవచ్చు. నేర్పే మనిషే చెప్పాలి.

పథకంలో ఉన్నా, నేర్పే చోటు దూరమైతే ఏం లాభం? మదనపల్లె, పుంగనూరు తల్లులు బిడ్డను చంకనేసుకుని తిరుపతికో వేలూరుకో పోవాలి. టమాటా కోతల రోజుల్లో ఒక రోజు కూలి పోతే ఇల్లు గడవదు. నాలుగు వారాలు పోయి మానేస్తారు. మేము వారిని తప్పు పట్టం. కుప్పం వారికి బెంగళూరు రైలు సులువే, కానీ అక్కడ శిక్షణ కన్నడంలోనో ఇంగ్లీషులోనో దొరికితే, ఇంట్లో తెలుగు వినే బిడ్డకు అది రెండింతల బరువు. మాట అమ్మ భాషలోనే ముందు రావాలి.

అమెరికాలో ఈ నిపుణుల సంఘం బడి సంగతులకు ఒకరిని, బీమా సంగతులకు ఒకరిని రాష్ట్రాల వారీగా పెట్టుకుంటుంది. వారు జీతం కోసం కాక, వృత్తి మీది అభిమానంతో ప్రభుత్వంతో మాట్లాడతారు. మన దేశంలోనూ ఇండియన్ స్పీచ్ అండ్ హియరింగ్ అసోసియేషన్ ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రానికి ఒక కమిషనరు, ఒక సలహా మండలి ఉండాలి. పిల్లలందరినీ ఏడాదికి ఒక్కసారైనా పరీక్షించాలని కూడా ఆ చట్టమే చెబుతోంది. నిపుణులు వెళ్లి కూర్చోవలసిన చోటు అదే.

అయితే నిపుణుల చేతిలో మీ వివరాలు లేకపోతే వారి మాటకు బరువుండదు. కనుక బిడ్డ బెరా పరీక్ష రిపోర్టు, సదరం సర్టిఫికెట్ దాచిపెట్టండి. శిక్షణ ఇచ్చేవారికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ నమోదు ఉందా అని అడగండి, మొహమాటపడకండి. ఎన్ని మైళ్లు తిరిగారు, ఎన్ని రోజుల కూలి పోయింది, మిషన్ చెడితే బాగుచేయడానికి ఎంత అయ్యింది, ఏ నెలలో శిక్షణ మానేశారు, ఎందుకు మానేశారు, ఇవన్నీ ఒక కాగితం మీద రాయండి. రాయడం రాకపోతే మా సిస్టర్లలో ఎవరినైనా అడగండి, రాసి పెడతారు. ఒక ప్రతి థెరపిస్టుకు, ఒక ప్రతి సోమవారం కలెక్టరు కార్యాలయంలో అర్జీలు తీసుకునే చోట ఇవ్వండి. రసీదు తప్పక తీసుకోండి.