బతిమాలొద్దు, చెప్పండి

ప్రత్యేక అవసరాలున్న బిడ్డతో విమానం ఎక్కబోయే తల్లిదండ్రుల్లో రెండు రకాల వాళ్ళు ఎక్కువగా కనిపిస్తారు. మొదటి రకం చెకిన్ కౌంటర్ దగ్గరకు వెళ్తూనే "సారీ అండీ, మా బాబు వల్ల మీకు కొంచెం ఇబ్బంది" అంటూ మొదలుపెడతారు. రెండో రకం, ఎవరో ఏదో అంటారని ఇంటి దగ్గరే ఊహించుకుని, అవతలి మనిషి నోరు తెరవక ముందే గొంతు పెంచుతారు. ఇద్దరి కష్టమూ నిజమే. అయితే ఇద్దరూ పనికొచ్చే మాట ఒక్కటీ చెప్పరు. కౌంటర్ వెనక నిలబడ్డ అమ్మాయికి తెలియాల్సినవి నాలుగే: బిడ్డ బరువెంత, తనంతట తాను కూర్చోగలడా, తెచ్చిన కార్‌సీటు విమానంలో వాడదగినదేనా, దాన్ని ఏ సీటులో బిగించాలి. ఈ నాలుగూ తడుముకోకుండా చెప్పగలిగితే సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

అలా చెప్పగలగడం నోరున్నవాళ్ళకే పుట్టుకతో వచ్చే విద్య అనుకోకండి. మొహమాటస్తులు కూడా సాధన చేసి నేర్చుకోవచ్చు. ఎదుటివాళ్ళకు మనమేం చెప్పాలో మనకే స్పష్టంగా తెలిసినప్పుడు మొహమాటం సగం దానంతటదే పోతుంది. కాబట్టి ధైర్యం కంటే ముందు విషయం తెలుసుకోండి.

అసలు ఆ కార్‌సీటు ఎందుకో మీరు ఒక్క వాక్యంలో చెప్పగలరా? విమానం సీటుకు ఉండేది నడుం బెల్టు ఒక్కటే. సెరిబ్రల్ పాల్సీ వల్లో, కండరాల్లో పటుత్వం తక్కువై నడుమూ మెడా నిలవకో ఇబ్బంది పడే బిడ్డకు ఆ బెల్టు చాలదు. పైగా టేకాఫ్, ల్యాండింగ్ సమయాల్లో సీటు వెనక్కి వాల్చనివ్వరు. నిటారు సీటులో ఆ బిడ్డ ముందుకు ఒరిగిపోతాడు, లేదంటే బెల్టు కిందుగా జారిపోతాడు. భుజాలు, నడుము, కాళ్ళ మధ్య అన్నిచోట్లా పట్టి ఉంచే అయిదు పట్టీల సీటు అతనికి కళ్ళద్దాల్లాంటిది. కళ్ళద్దాలు పెట్టుకున్నందుకు ఎవరూ ఎవరికీ సారీ చెప్పరు కదా!

"ఒళ్ళో గట్టిగా పట్టుకుంటాంలే" అనే పెద్దవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. వాళ్ళకు 1989 జూలై 19 సంగతి చెప్పండి. డెన్వర్ నుంచి షికాగో వెళ్తున్న యునైటెడ్ 232 విమానం తోక ఇంజన్ పగిలి, హైడ్రాలిక్ వ్యవస్థలన్నీ దెబ్బతిని, అయోవా రాష్ట్రంలోని సూ సిటీ విమానాశ్రయంలో కూలింది. లోపల ఉన్న 296 మందిలో 112 మంది చనిపోయారు. ఒళ్ళో కూర్చున్న పసిపిల్లలు నలుగురున్నారు. విమాన సిబ్బందికి పెద్ద అయిన జ్యాన్ బ్రౌన్, వాళ్ళను నేలమీద పడుకోబెట్టి పట్టుకోమని తల్లిదండ్రులకు చెప్పింది. ఆనాటి పద్ధతి అదే. ఆ నలుగురిలో ఒక బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత బ్రౌన్, పసిపిల్లలకు కూడా విడిగా సీటూ బెల్టూ ఉండాలని ఏళ్ళ తరబడి ప్రచారం చేసింది. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఇప్పటికీ దాన్ని గట్టిగా సిఫారసు చేస్తుందే తప్ప నిర్బంధం చేయలేదు. టికెట్ కొనాల్సి వస్తే కొన్ని కుటుంబాలు కారులో బయలుదేరతాయి, రోడ్డు ప్రమాదం ఇంకా ఎక్కువ అన్నది ఆ సంస్థ లెక్క. దేశం మొత్తానికి ఆ లెక్క సరిపోవచ్చు. మీ ఇంటికి సరిపోతుందా అన్నది మీరే తేల్చుకోవాలి. ఎలాగూ ఒళ్ళో ప్రయాణం రెండేళ్ళ లోపు పిల్లలకే. మన ప్రత్యేక సీట్ల పిల్లల్లో చాలామంది ఆ వయసు దాటినవాళ్ళే.

ఇక సీటు సంగతి. ఇక్కడ కొంచెం తీరిగ్గా చదవండి, తడబాట్లన్నీ ఇక్కడే మొదలవుతాయి. అమెరికాలో కొన్న కార్‌సీటును తిరగేసి చూడండి. ఇది మోటారు వాహనాల్లోనూ విమానాల్లోనూ వాడేందుకు ధ్రువీకరించినది అని ఎర్ర అక్షరాల్లో ఇంగ్లీషులో రాసి ఉంటే మీ చేతిలో చట్టం ఉన్నట్టే. బిడ్డకు టికెట్ కొని, సీటుకు ఆ ముద్ర ఉండి, బిడ్డ బరువు దానికి సరిపడి, సీటును సరిగా బిగించగలిగితే అమెరికా విమానసంస్థ దాన్ని వాడొద్దనడానికి లేదు. ఆ స్టిక్కర్‌ను ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. గేటు దగ్గర బిడ్డను దించి, సీటు తలకిందులు చేసి చూపించే అవస్థ తప్పుతుంది.

పెద్ద పిల్లల కోసం, ఎక్కువ బరువు ఆపేలా చేసిన వైద్య అవసరాల సీట్లతోనే చిక్కు. వాటన్నిటికీ విమానం ముద్ర ఉండదు. కొన్ని సీట్ల వెనక పైభాగంలో ఒక పట్టీ ఉంటుంది. దాన్ని కారులోని కొక్కేనికి తగిలించకుండా సీటు వాడకూడదని తయారీదారే రాస్తాడు. విమానంలో ఆ కొక్కెం ఉండదు. అంటే కారులో ఎంత గొప్ప సీటైనా విమానంలో చెల్లదు. వెడల్పు ఇంకో సమస్య. 16 అంగుళాలు, అంటే సుమారు 40 సెంటీమీటర్లు దాటని సీటు చాలా విమానాల్లో పడుతుంది. అంతకంటే వెడల్పైతే చేతులు ఆన్చుకునే దిమ్మెల మధ్య ఇరుక్కుంటుంది. ఇంట్లో టేపు పెట్టి కొలవండి. వీపు ఆనని బూస్టర్ సీట్లనూ, చొక్కాలా తొడిగే పట్టీలనూ టేకాఫ్, ల్యాండింగ్‌లలో వాడనివ్వరు.

కేర్స్ అనే పట్టీల సాధనం ఒకటుంది. బరువు సుమారు అరకిలో, చేతిసంచిలో ఇమిడిపోతుంది. విమానం సీటు వీపుకు చుట్టి, భుజాల మీదుగా పట్టీలు వేయొచ్చు. 10 నుంచి 20 కిలోల బరువు, మీటరు లోపు ఎత్తు ఉన్న పిల్లలకు ఎఫ్ఏఏ ఆమోదించింది. అయితే కాళ్ళ మధ్య పట్టీ లేదు కనుక, కిందికి జారిపోయే బిడ్డకు అది చాలకపోవచ్చు. కొనేముందు మీ ఫిజియోథెరపిస్టుకు చూపించి అడగండి. వాట్సాప్ గ్రూపులో ఎవరి బిడ్డకో పనికొచ్చిందని మన బిడ్డకూ పనికొస్తుందనుకోకండి.

సీటు బిగించాల్సింది సాధారణంగా కిటికీ పక్కన. ఇతరులు బయటికి వెళ్ళే దారికి అది అడ్డం రాకూడదు. అత్యవసర ద్వారం ఉన్న వరుసలోనూ, దాని ముందు వెనక వరుసల్లోనూ కుదరదు. గాలి నిండే బెల్టులున్న సీట్లలో కూడా కార్‌సీటు పెట్టనివ్వరు. ఇవన్నీ ముందే తెలిస్తే విమానం ఎక్కాక "జరగండి, మారండి" అన్న ఒత్తిడి మీ మీద ఉండదు.

ఇప్పుడు ఫోను. టికెట్ కొన్న రోజే విమానసంస్థకు ఫోన్ చేసి ప్రత్యేక సహాయ విభాగాన్ని అడగండి. "వీల్‌చెయిర్ కావాలి" అని ఊరుకోకండి. ఆ మాటకు విమానసంస్థల భాషలో మూడు అర్థాలున్నాయి. మెట్లెక్కగలిగి, దూరం మాత్రం నడవలేని వారికి డబ్ల్యూసీహెచ్ఆర్ అని రాస్తారు. మెట్లెక్కలేని వారికి డబ్ల్యూసీహెచ్ఎస్. సీటు దాకా తీసుకెళ్ళాల్సిన వారికి డబ్ల్యూసీహెచ్‌సీ. బౌద్ధికంగా, వికాసపరంగా ప్రత్యేక సహాయం అవసరమైన వారికి డీపీఎన్ఏ అనే ఇంకో సంకేతం ఉంది. మీ బిడ్డకు ఏది వర్తిస్తుందో మీరే చెప్పండి. ఫోన్ పెట్టేశాక, మాట్లాడిన సంగతులన్నీ అయిదు వాక్యాల్లో మెయిల్ పెట్టండి. నోటి మాటను నమ్మడం మంచి గుణమే, విమానాశ్రయంలో మాత్రం కాగితమే మాట్లాడుతుంది. అమెరికాలో బయలుదేరేటప్పుడు, భద్రతా తనిఖీలో సాయం కోసం, ఆ తనిఖీలు చేసే టీఎస్ఏ సంస్థ వారి ‘టీఎస్ఏ కేర్స్’ సేవకు (పైన చెప్పిన పట్టీల కేర్స్ వేరు) 72 గంటల ముందు చెప్పొచ్చు. మన దేశంలో విమానసంస్థకు 48 గంటల ముందు తెలపమంటారు.

డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో సెలవులకు హైదరాబాద్ వచ్చే కుటుంబాలు ఒక విషయం గుర్తుంచుకోవాలి. వికలాంగ ప్రయాణికుల పట్ల వివక్ష కూడదనే అమెరికా చట్టం 1986 నాటిది. దాని నిబంధనలు అమెరికాలో దిగే, అక్కడి నుంచి ఎగిరే విదేశీ విమానాలకూ వర్తిస్తాయి. దాని ప్రకారం, ఇలాంటి ఫిర్యాదులు తేల్చడానికి శిక్షణ పొందిన అధికారిని విమానసంస్థ అందుబాటులో ఉంచాలి. ఆ అధికారిని సీఆర్ఓ అంటారు. గేటు దగ్గర మాట పెరుగుతోందనిపిస్తే అరవకండి. "దయచేసి సీఆర్ఓను పిలిపించండి" అనండి, చాలు. చాలామంది ఉద్యోగులు ఆ మూడక్షరాలు వినగానే ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తారు. దోహాలోనో దుబాయ్‌లోనో విమానం మారితే రెండో విమానంలో సీటు నిబంధనలు వేరుగా ఉండొచ్చు. రెండింటికీ విడివిడిగా అడగండి.

మన దేశంలో హక్కు లేదనుకోకండి. 2012లో కోల్‌కతా నుంచి గోవా వెళ్ళాల్సిన జీజా ఘోష్‌ను, సెరిబ్రల్ పాల్సీ ఉందన్న కారణంగా స్పైస్‌జెట్ విమానంలోంచి దించేశారు. ఆమె ఊరుకోలేదు. 2016లో సుప్రీంకోర్టు ఆమెకు 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని తీర్పిచ్చింది. 2022 మేలో రాంచీ నుంచి హైదరాబాద్ రావాల్సిన ఇండిగో విమానంలోకి ప్రత్యేక అవసరాలున్న ఒక బాలుణ్ణి ఎక్కనివ్వలేదు. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇండిగోకు 5 లక్షల రూపాయల జరిమానా వేసింది. అదే ఏడాది జూలైలో నిబంధనలు సవరించింది. వాటి ప్రకారం వైకల్యం పేరుతో ఎవరినీ ఎక్కనివ్వకుండా ఆపకూడదు. ప్రయాణంలో ఆరోగ్యం దెబ్బతింటుందన్న అనుమానం వస్తే డాక్టరు స్వయంగా పరీక్షించి చెప్పాలి. గేటు దగ్గరి ఉద్యోగి చూసి నిర్ణయించేస్తే చెల్లదు.

ఇవన్నీ తెలిశాక మాటతీరు మార్చుకోవడం తేలిక. అద్దం ముందు నిలబడి ఈ మాటలు పైకి అనండి: "మా పాపకు ఏడేళ్ళు, పంతొమ్మిది కిలోలు. తనంతట తాను కూర్చోలేదు. ఇది విమానాల్లో వాడేందుకు ధ్రువీకరించిన సీటు, ఇదిగో స్టిక్కర్. మాకు కిటికీ సీటు ఇచ్చారు. బిగించడానికి అయిదు నిమిషాలు పడుతుంది కాబట్టి ముందుగా ఎక్కుతాం." ఇందులో ‘సారీ’ లేదు, ‘మీకు మానవత్వం లేదా’ కూడా లేదు. ఎవరైనా కాదంటే, "ఏ నిబంధన ప్రకారమో చూపించండి" అని అదే గొంతుతో అడగండి. పేరు రాసుకోండి. భార్యాభర్తలు ఇద్దరూ ఉంటే ఒకరే మాట్లాడండి. రెండోవారు బిడ్డ దగ్గర ఉండండి. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే వినేవాడికి గొడవగానే వినిపిస్తుంది.

ఇంకొక మాట, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. ఇదంతా బిడ్డ వింటుంది. మాటలు రాని బిడ్డ కూడా మన గొంతులోని సిగ్గును పట్టేస్తుంది. "దీనికి ఏం తెలీదండీ, పాపం" అని తన ముందే అనే తల్లిదండ్రులు, ఆ బిడ్డలో ఆత్మవిశ్వాసం కోసం తర్వాత ఎన్ని థెరపీలు చేయించి ఏం లాభం? పేరుతో పరిచయం చేయండి. "ఇప్పుడు పట్టీలు బిగిస్తున్నాను, విమానం గట్టిగా శబ్దం చేస్తుంది" అని తనకూ చెప్పండి. ప్రయాణానికి ముందు రోజూ కాసేపు ఇంట్లో అదే సీటులో కూర్చోబెట్టండి. విమానంలో ఆ ఒక్కటైనా తెలిసిన చోటవుతుంది.

సాయం తీసుకోవడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. "వద్దండీ, మేం చూసుకుంటాం" అని అలవాటుగా అనేసి, భుజం మీద సీటు, చంకలో బిడ్డ, చేతిలో మూడు సంచులతో ఆయాసపడటం గొప్ప కాదు. సంచి పట్టుకోమనండి. సీటు మాత్రం మీరే బిగించండి, అది మీకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. విమానంలో వాడలేని సీటైతే మెత్తటి సంచిలో గట్టిగా చుట్టి లగేజీలో వేయండి. అమెరికా పెద్ద విమానసంస్థలు కార్‌సీటుకు రుసుం తీసుకోవు. అప్పగించే ముందు నాలుగువైపులా ఫొటోలు తీయండి, దిగగానే అక్కడే విప్పి చూడండి. విరిగితే బయటికి రాకముందే ఫిర్యాదు రాయించండి. శంషాబాద్‌లో దిగాక ఎక్కే క్యాబ్ గురించి కూడా ముందే ఆలోచించండి. మన క్యాబుల్లో వెనక బెల్టు బకిల్ తరచు సీటు కవరు కింద సమాధి అయి ఉంటుంది. దాన్ని బయటికి తీయించి ఉంచమని తీసుకెళ్ళడానికి వచ్చే తమ్ముడికో బావగారికో ఇప్పుడే చెప్పండి.

ఇప్పటిదాకా తల్లిదండ్రులతో మాట్లాడాను. ఇది చదువుతున్న మిగతావాళ్ళు రేపు వాళ్ళ పక్క వరుసలోనే కూర్చోవచ్చు. రాంచీ విమానాశ్రయంలో ఆ కుటుంబం తరఫున తోటి ప్రయాణికులు గట్టిగా మాట్లాడారు, అదే విమానంలో వెళ్ళాల్సిన వైద్యులు తాము చూసుకుంటామని ముందుకొచ్చారు. మీరు అంత చేయక్కర్లేదు. గుచ్చి గుచ్చి చూడకండి, పుట్టుకతోనేనా అని అడగకండి, ఏ గుడిలో మొక్కుకోవాలో చెప్పకండి. "ఏమైనా పట్టుకోమంటారా?" అని ఒక్కసారి అడగండి. వద్దంటే మీ సీటులో కూర్చోండి.